లేని కణుపు మీద బొటనవేలు

వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. మా బాపు బస్తాలు అలాగే లెక్కపెట్టేవాడు. ఆయన్ని చూసే నేనూ నేర్చుకున్నాను. బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆగుతూ పోతుంది. నాలుగు వేళ్లకు మూడేసి చొప్పున పన్నెండు. కానీ లేని కణుపు మీద కూడా ఆగే బొటనవేలును నా జన్మలో ఒక్కరి దగ్గరే చూశాను.

ఆయన కుడిచేతి ఉంగరపువేలికి చివరి కణుపు లేదు. చిటికెనవేలికి మొదటి కణుపు తప్ప మిగతా రెండూ లేవు. అయినా బొటనవేలు అక్కడిదాకా వచ్చేది. వేలు ఉండాల్సిన చోట గాలిలో ఆగేది. ఆగినంతసేపూ పెదవులు కదిలేవి. ఆ తర్వాతే ముందుకు సాగేది. ఒక్కటీ ఎగ్గొట్టేవాడు కాదు.

మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. బోధన్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. ఎరిగినవాళ్లు ‘సగం ఫాదర్’ అనేవాళ్లు, ఆయన ముఖం ముందరే అనేవాళ్లు. ఫాదర్ కావాలని సెమినరీలో చేరి, సగంలో బయటికి వచ్చినవాడు కాబట్టి. ఆయన దగ్గర ఆస్తి అని చెప్పదగ్గది ఒక్క లాటిన్ భాష. కోరిక అని చెప్పదగ్గదీ ఒక్కటే: మనవరాలి చెయ్యి పట్టుకొని, దాని వేళ్ల మీద ఆ పన్నెండూ చెప్పాలని.

నేను లెక్కలవాణ్ణి. బడి చదువు పదో తరగతితో సరి. పొలాలు కొలిచి, అన్నదమ్ములకు భాగాలు తేల్చి చెప్పడం నాకు నేనుగా నేర్చుకున్న పని. ఆయన అల్లుడూ అల్లుడి తమ్ముడూ పొలం పంచుకున్నప్పుడు నన్ను పిలిచారు. ముక్క వంకరగా ఉంది, ఒక కొస కాలువ తినేసింది. వాకిట్లో మంచం మీద కూర్చొని నేను కణుపుల మీద లెక్క వేస్తున్నాను. గేటు పక్కన, అందరికీ దూరంగా, కుర్చీలో ఒక ముసలాయన ఒళ్లో గొడుగు అడ్డంగా పెట్టుకొని నా చేతినే చూస్తున్నాడు. అందరూ చాయ్‌కు లోపలికి పోయాక లేచి కొంచెం దగ్గరికి వచ్చాడు.

“లెక్కలాయనా, నువ్వు చిటికెనవేలు కాంచి మొదలుపెడ్తవా, చూపుడువేలు కాంచా?”

“చూపుడువేలు కాంచే సార్.”

“మంచిది. నేను గూడ గంతే. సెమినరీల గట్లనే నేర్పిన్రు.”

“సెమినరీల లెక్కలు చెప్తరా సార్?”

“లెక్కలు గాదు. లాటిన్. గదానికి గూడ ఎక్కాలుంటయి. నీకు పన్నెండో ఎక్కం వస్తది గదా, గిది అంతకన్న అల్క.”

మాటలకు కూడా ఎక్కాలుంటాయని నేను అప్పుడే విన్నాను. చిన్నప్పుడు బడిలో ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని అరిచిన గుర్తు ఉంది కానీ, అది ఎందుకో మా పంతులు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎక్కం అనగానే నాకు ఆశ పుట్టింది. నేర్పుతారా అన్నాను.

“చెయ్యి ఇయ్యి” అన్నాడు. అంటూనే తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నాది పెద్దరోగం చెయ్యి. మందు తిని మంచిగై నీ వయసంత అయితుంది. ఇగ అంటదు. అయినా అడుగుడు నా ధర్మం. వద్దంటే నోటితోనే చెప్త.”

నేను చెయ్యి ముందుకు పెట్టాను. ఆయన బొటనవేలు నా చూపుడువేలి మొదటి కణుపు మీదికి వచ్చింది. నున్నగా, బరువుగా, చింతగింజలా గట్టిగా ఉంది.

“ఆగిందా?”

నాకు అర్థం కాలేదు.

“నా వేలికి తెల్వది, నీ వేలికి తెలుస్తది. ఆగిందా?”

“ఆగింది సార్.”

“అయితే పుఎల్లా. పుఎల్లా అంటే పిల్ల. పిల్ల వచ్చింది, పిల్ల నవ్వింది. గక్కడ పుఎల్లా.”

అలా మొదలైంది. ప్రతి కణుపుకూ ఆయన “ఆగిందా?” అనేవాడు, నేను “ఆగింది సార్” అనేవాణ్ణి. అప్పుడే మాట చెప్పేవాడు. పుఎల్లె, పిల్ల యొక్క. మళ్లీ పుఎల్లె, పిల్లకు. పుఎల్లామ్, పిల్లను. పుఎల్లా, ఓ పిల్లా. చివరి ‘లా’ను కొంచెం సాగదీసి పుఎల్లా, పిల్లతో. ఆరు. చూపుడువేలూ నడిమివేలూ అయిపోతాయి. పిల్లలు చాలామంది అయితే మిగతా రెండు వేళ్లు: పుఎల్లె, పుఎల్లారుమ్, పుఎల్లిస్, పుఎల్లాస్, పుఎల్లె, పుఎల్లిస్. పన్నెండు కణుపులూ నిండుతాయి.

ఆ రోజే నేను అడ్డు తగిలాను. “రెండో కణుపు, మూడో కణుపు ఒక్కటే గదా సార్? పిల్ల యొక్కనో, పిల్లకో తెలిసేదెట్ల?”

“మీ ఊర్ల ఇద్దరు ఎల్లయ్యలు లేరా? ఎవరింటి ముంగట నిలబడ్డడో చూస్తే ఏ ఎల్లయ్యనో తెల్వదా?”

ఆయన పాఠం అంతా ఇలాగే ఉండేది. మనం మాట వెనక కు, ను, తో తగిలిస్తాం, లాటిన్‌వాళ్లు మాట కొసనే మార్చుకుంటారు, అంతే తేడా అనేవాడు. కొస సరిగ్గా ఉంటే మాటను వాక్యంలో ఎక్కడ పెట్టినా చెడిపోదట. “పిల్ల తాతను పిలిచింది అను, తాతను పిల్ల పిలిచింది అను. పిలిచింది పిల్లనే గదా? ఇంగ్లీషోడికి గిది చెప్తే తిప్పలు పడ్తడు. మనకు తిప్పలేంది?”

వారానికోసారి ఆయన గదికి పోవడం నాకు అలవాటైంది. కూతురింటి ముందు రేకుల గది. ఒక మంచం, ఒక స్టూలు, గోడకు శిలువ, మేకుకు గొడుగు. నొక్కితే ఎంత గట్టిగా నొక్కాడో ఆయనకు తెలిసేది కాదు. ఒకసారి నా వేలు కలుక్కుమంటే “నొస్తుంది సార్” అన్నాను.

“నొస్తదా?” అని వంగి నా వేలిని చూశాడు. “అదృష్టమంతునివి.”

లాటిన్ నామవాచకాలన్నీ అయిదు ఎక్కాల్లో సర్దుకుంటాయి. పిల్ల మొదటి ఎక్కం. నాలుగోది వచ్చేసరికి ఆయన నా చెయ్యి అడగలేదు. “గిది నేను నా చెయ్యి మీదనే చెప్త, నువ్వు చూడు” అన్నాడు. మానుస్, అంటే చెయ్యి. చూపుడువేలూ నడిమివేలూ సాఫీగా జరిగిపోయాయి: మానుస్, మానుస్, మానుయి, మానుమ్, మానుస్, మాను. ఉంగరపువేలి చివర, ‘చేతులకు’ అనే చోట, బొటనవేలు గాలిలో ఆగింది. “మానిబుస్” అన్నాడు. చిటికెనవేలి మొదట్లో ‘చేతులను’. అక్కడ కణుపు ఉంది. ఆ పైన ‘ఓ చేతులారా’, ‘చేతులతో’. ఆ రెండూ గాలిలోనే.

నేను ఆ గాలినే చూస్తున్నానని ఆయన గమనించాడు. “ఏం చూస్తున్నవ్? వేలు పోయింది గని లెక్క పోలే.”

చాయ్ హోటల్‌కు ఆయన తన స్టీలు గ్లాసు తానే తెచ్చుకునేవాడు. బెంచీ మీద కూర్చోకుండా బయట రాయి మీద కూర్చునేవాడు. హోటల్ ఆయనకు నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది.

“అగో, సగం ఫాదర్ వచ్చిండు. సగం చాయ్ పోయుండ్రి!”

“ఫాదర్‌నే సగం, చాయ్ పూరా పోయ్.”

“గా గ్లాసెందుకు తెస్తవ్ సార్? నా గ్లాసులకు ఏమైన పురుగు పడ్డదా?”

“నీ గ్లాసు మంచిదే. నేను తాగిపోయినంక దాన్ని నువ్వు రెండుసార్లు కడుగుతవో, ఒకసారి కడుగుతవో అని నాకు రంధి. నా గ్లాసైతే నీకు పని లేదు, నాకు రంధి లేదు.”

హోటల్ ఆయన చాయ్ పొర్లేదాకా పోసేవాడు.

ఎవరైనా తనకు దూరం జరగక ముందే తానే దూరం జరగడం ఆయన పద్ధతి. అది అంత తొందరగా, అంత చక్కగా చేసేవాడు గనుక, చూసేవాళ్లకు అదొక మర్యాదలా కనిపించేది. ఏడాదికోసారి మెత్తని రబ్బరు చెప్పులు కుట్టించుకోవడానికి డిచ్‌పల్లి దవాఖానకు పోయేవాడు. స్పర్శ లేని కాళ్లకు మామూలు చెప్పులు పనికిరావు. ఒకసారి నేను తోడు పోయాను. నిజామాబాద్‌లో బస్సు మారాం. ఆయన ముందుగా ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని, పక్క సీటు మీద గొడుగును పడుకోబెట్టాడు. నేను గొడుగు తీసి కూర్చోబోతే నవ్వాడు.

“నువ్వు లేనప్పుడు గీయన కూసుంటడు. ఎవరన్న వచ్చి కూసొని, నా చేతులు చూసి లేస్తే వానికీ సిగ్గు, నాకూ సిగ్గు. గొడుగుకు సిగ్గు లేదు.”

ఆ బస్సులోనే తన సంగతి చెప్పాడు. అడిగితే చెప్పినది కాదు, దారిలో దవాఖాన చెట్లు కనబడగానే చెప్పడం మొదలుపెట్టాడు. సెమినరీలో స్నానం చేస్తుంటే భుజం మీది తెల్లమచ్చను తోటి కుర్రవాడు చూశాడు. అది కుష్ఠు అని తేలింది.

“వాళ్లు ఎల్లగొట్టలే. ఎవరి మీద మాట రావొద్దు. మంచిగై రా అన్నరు. మంచిగైన.” కిటికీ బయటికి చూస్తూ అన్నాడు, “రమ్మని మళ్ల ఎవరు పిలవలే. నేను గూడ ఎవరన్న పిలుస్తరని చూసిన గని, నేనే పోదామనుకోలే.”

భార్యను ఆయన దవాఖానలోనే కలిశాడు. ఆమెదీ అదే రోగం, ఆమెకూ నయమైంది. ఆమెకు బడి చదువు లేదు, కానీ అయిదు ఎక్కాలూ వచ్చునట. పొద్దు గుంకే వేళ ఇద్దరూ గడప మీద పక్కపక్కన కూర్చొని చెప్పుకునేవాళ్లట. “నాకు లేని కణుపులు ఆమెకుండె. ఆమెకు లేనియి నాకుండె. రెండు చేతులు పక్కకు పెట్టుకుంటే పన్నెండు నిండుతుండె” అన్నాడు. ఆమె పోయాకే గాలిలో ఆగడం అలవాటైందట.

ఇక మనవరాలు. నేను పాఠానికి పోవడం మొదలుపెట్టినప్పుడు దానికి అప్పుడే బడి కొత్త. రేకుల గది గడపలో నిలబడి, తలుపు చెక్కకు చెంప ఆనించి, తాత నా వేళ్లు పట్టుకోవడం చూసేది. ఒకరోజు ఉండబట్టలేక చెయ్యి చాపింది.

“తాతా, నాకు?”

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చప్పున పెట్టుకున్నాడు. “నీకు గిది గాదు బిడ్డా. నీకు మంచిది చెప్త, ఆగు” అన్నాడు.

మరుసటి వారం పోయేసరికి గదిలో ఒక చెరుకుగడ గోడకు ఆనించి ఉంది. చక్కెర ఫ్యాక్టరీ కుంటుపడ్డప్పటి నుంచి బోధన్ చుట్టూ చెరుకు కరువే, ఎటు చూసినా వరి. అల్లుణ్ణి బతిమాలి మోస్రా నుంచి తెప్పించాడట. దాని కణుపులకు ఎర్రదారం కట్టి ఉంది, పన్నెండు కణుపులకు. ఆయన మంచం మీద, మనవరాలు ఎదురుగా స్టూలు మీద. మధ్యలో చెరుకు. గొడుగు మొనతో ఆయన కణుపును చూపిస్తే పిల్ల మాట చెప్పేది. పన్నెండూ తప్పు లేకుండా చెబితే గడ పిల్లది. తప్పితే తాతదని పందెం. తాతకు పళ్లు లేవు కాబట్టి ఎట్లా అయినా పిల్లదే.

“చూడు బిడ్డా, మొదలు మారది. కొస మారుతది. తీపంత మొదట్ల ఉంటది, పనంత కొసల ఉంటది.”

“కొస సప్పగుంటది తాతా.”

“సప్పగనే ఉంటది. పని గట్లనే ఉంటది.” అంటూ తన వేళ్ల కొసలను ఒకసారి చూసుకున్నాడు.

ఇంటర్‌లో చేరాక ఆ పిల్ల ఒకసారి పుస్తకం పట్టుకొని ఉరికి వచ్చింది. చెరుకు శాస్త్రీయ నామం అందులో ఉంది. ఆయన దాన్ని దూరంగా పట్టుకొని చదివాడు. “సాక్కారుమ్ ఒఫ్ఫిచినారుమ్! అగ్గో, పుఎల్లారుమ్ లెక్కనే ఉన్నది. ఉంగరపువేలు నడిమి కణుపు. గది నాకున్నది!” అని తన వేలు పైకెత్తి చూపించాడు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను మరెప్పుడూ చూడలేదు. మందులు చేసి పెట్టే గదుల చక్కెర అని దాని అర్థమట. “నేను, చెరుకు ఇద్దరం దవాఖానోళ్లమే” అన్నాడు.

కానీ నా మనసులో నిలిచిపోయింది ఇది కాదు. ఒక అంగడి రోజు. ఆ పిల్ల అప్పుడు ఇంకా చిన్నది. రోడ్డుకు ఇవతల నేను నిలబడి ఉన్నాను, అవతల నుంచి వాళ్లిద్దరూ దాటాలి. వడ్ల ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. పిల్ల భయపడి తాత చెయ్యి కోసం చెయ్యి చాపింది. ఆయన గొడుగు తిరగేసి, వంపు తిరిగిన పిడి దాని చేతిలో పెట్టాడు. మొన తాను పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య గొడుగు పొడవు దూరం. అలా దాటుతున్నారు. కూరగాయల బండి దగ్గర ఒకామె నవ్వి, “ఏంది తాతా, మేకపిల్లను తోలుకపోతున్నవా?” అంది. ఆయనా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, రోడ్డును కాక తాత చేతిని చూస్తూ దాటింది.

ఆ సాయంత్రం నేను అడిగేశాను. “సార్, నా చెయ్యి పడ్తరు. పిల్ల చెయ్యి ఎందుకు పట్టరు?”

ఆయన గొడుగు బట్టను సర్దుతూ చెప్పాడు. “నా బిడ్డ ఒక్క మాటన్నది. దాని చెయ్యి పట్టకు బాపు అన్నది. దాని తప్పు లేదు. చిన్నప్పుడు బడిల నా బిడ్డ పక్కన ఎవ్వరు కూసోకపోతుండె, మా ఇద్దరి చేతులు చూసి. గిప్పుడు పిల్ల పక్కన అందరు కూసుంటున్నరు. కూసోనీ.”

“ఇప్పుడు అంటదని ఎవరంటరు సార్?”

“అంటదు. మందులు అంటనియ్యవు. గని మాట అంటది లెక్కలాయనా. మాటకు మందు లేదు.” తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు: “ఒక్కసారి. దాని చెయ్యి మీద పన్నెండూ చెప్పాలె. ఆగిందా అని నేనడిగితే, ఆగింది తాతా అని అది అనాలె. గంతే. ఇంకేం లేదు నాకు.”

ఆ తర్వాత ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెరుకుగడలు మారుతూ వచ్చాయి. పిల్ల పెద్దదై నిజామాబాద్‌లో కాలేజీ హాస్టల్‌కు పోయింది.

వానాకాలం మొదట్లో ఆయన కాలికి పుండు పడింది. ముల్లు గుచ్చుకున్నదో, రాయి కోసుకున్నదో ఆయనకే తెలియదు. నొప్పి తెలియని కాలు. తెలిసేసరికి జ్వరం పట్టుకుంది. దవాఖానలో ఉండి వచ్చాడు, మళ్లీ పోయాడు, ఇక ఇంటికే పట్టుకుపొమ్మన్నారు. నేను పోయేసరికి రేకుల మీద వాన చప్పుడు. ఆయన కళ్లు మూసుకొని ఉన్నాడు. కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది. బొటనవేలు కదులుతోంది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, గాలి.

“ఆగిందా?” అన్నాడు. ఎవరినో అడుగుతున్నాడు. కాసేపటికి మళ్లీ, “ఆగిందా?”

నేను నా చేతిని ఆయన బొటనవేలి కిందికి జరిపాను. “ఆగింది సార్.”

ఆయన కళ్లు తెరిచాడు. నా ముఖం పోల్చుకోవడానికి కొంత సమయం పట్టింది. “నువ్వా” అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎంత దిగాలు ఉందో రాయడం నాకు రాదు. వెంటనే సర్దుకొని, నేను బాధపడతానేమో అని, “నువ్వన్న వచ్చినవ్. చాలు” అన్నాడు. నా కణుపు మీద బొటనవేలు అలాగే ఉంచి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. లాటిన్ మాట మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున పోయాడు. పిల్ల కబురందగానే దొరికిన మొదటి బస్సుకే బయలుదేరినా, వచ్చేసరికి పెట్టెలో పెట్టారు. సమాధుల దొడ్డిలో భార్య పక్కనే గుంత తవ్వారు. ఫాదర్ గారు చిన్న వయసువాడు, తెలుగులో శ్రద్ధగా ప్రార్థన చేశాడు. మట్టి వేయడానికి అందరూ చేతులు ముందుకు చాపారు. తడి మట్టి. చాయ్ హోటల్ ఆయన కూడా వచ్చాడు. ఆ స్టీలు గ్లాసు తన దగ్గరే ఉండిపోయిందని, ఏం చేయాలో తెలియడం లేదని నాతో చెప్పాడు. నాకూ తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఆయన కూతురు నన్ను రేకుల గదిలోకి పిలిచింది. మంచం పక్కకు జరిపి ఉంది. ఎర్రదారం కట్టిన చెరుకుగడ ఒకటి, ఎండిపోయి, మూలకు ఉంది. పిల్ల గడప మీద కూర్చొని ఉంది, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని.

“అన్నా, బాపు నీతోని అన్ని చెప్తుండె. నా మీద ఏమన్న చెప్పిండా?” అంది ఆమె.

“నీ తప్పు లేదనే చెప్పిండమ్మా.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మంది ముంగట పట్టకు బాపు అన్న. నేనన్నది గంతే అన్నా. అది బడికి పోవుడు కొత్త. మంది చూసి ఏమన్న అంటరని ఒక్కసారన్న. ఇంట్ల పట్టకు అనలే. గాయన ఇంట్ల గూడ పట్టలే. ఒక్కనాడు పట్టలే. పట్టు బాపు అని మళ్ల చెప్పాలంటే, ఎన్నడో అన్న మాటను మళ్ల గుర్తు చేసినట్టయితదని ఊకున్న. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అని ఊకున్న.”

ఎవరూ చెప్పక ముందే దూరం జరిగే మనిషి. ఒక అడుగు జరగమంటే వాకిలి దాటిపోయే మనిషి. లోపల ఎవరో పిలిస్తే ఆమె కళ్లు తుడుచుకొని పోయింది.

పిల్ల గడప మీద నుంచి కదలలేదు. ఈ మాటలన్నీ విన్నది. కాసేపటికి నా వైపు తిరగకుండా అడిగింది.

“లెక్కల మామా, తాత నీ చెయ్యి పట్టుకొని చెప్పిండు గదా. ఎట్లుంటది?”

“బరువుగుంటది బిడ్డా. కొంచెం నొస్తది.”

తల ఊపింది. ఆ జవాబును ఎక్కడో దాచుకుంటున్నట్టు మెల్లగా ఊపింది.

“నేను ఒకసారి పట్టిన” అంది.

నేను ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను.

“మొన్న ఎండకాలం సెలవులల్ల. మధ్యాహ్నం అన్నం తిని పండుకున్నడు. చెయ్యి మంచం అంచు మీద ఉండె. మెల్లగ పట్టిన. లేస్తడనుకున్న, లేవలే. ఇగ చూపుడువేలు కాంచి మొదలుపెట్టిన. మానుస్ చెప్పిన, పన్నెండూ. లేనికాడ గూడ ఆగిన మామా, తాత ఆగినట్టే. ఉత్త గాలిలనే.”

“మరి?”

“అయిపోయినంక చెవుల అడిగిన. ఆగిందా తాతా అని.” నవ్వింది. “గురక పెట్టిండు.”

ఆ చేతికి నిప్పు తగిలినా తెలియదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె బొటనవేలు తన చిటికెనవేలి చివరి కణుపు మీద ఆగి ఉంది, తీయడం లేదు. నేను కొలవనిదాన్ని ఇంత అని ఆ రోజు దాకా ఎన్నడూ చెప్పినవాణ్ణి కాను, ఎంతమంది బతిమాలినా.

“ఆగింది బిడ్డా” అన్నాను.